నలభై ఒకటో పేజీ

ట్రంకుపెట్టె మూత తీయగానే బ్యాటరీ ఆసిడ్ వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. ఇన్నేళ్లయినా ఆ పుస్తకాల్లోంచి అది పోలేదు. కరీంనగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని ఒక్కో పుస్తకం తీసి తుడుస్తున్నాను గాని, రెండు నిమిషాలు కుదురుగా ఉండలేకపోతున్నాను. లేచి మంచినీళ్లు తాగి వస్తాను, గేటు దాకా నడిచి వస్తాను, మళ్లీ కూర్చుంటాను. వీటిలో ఏ పుస్తకం ఉంటుందో నాకు తెలుసు. ఇవన్నీ దాసన్నవి. ఆయన చనిపోయిన నెల రోజులకు కూతురు మేరీ నాకు పంపింది. "కాకా, నువ్వు చదివే మనిషివని నీకే ఇయ్యుమన్నడు బాపు" అని ఫోన్‌లో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిలకడ లేదు.

బెల్లంపల్లిలో బొగ్గుగనిని బాయి అంటారు. అక్కడ ఒక బాయి మీద ల్యాంప్ రూం చూసుకునేవాడు ఏసుదాసు. అందరికీ దాసన్న. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఆ ల్యాంప్ రూంకే గుమాస్తాగా వెళ్లాను. మాది నేత కుటుంబం. ఇంట్లో మరమగ్గం చప్పుడు తప్ప పుస్తకమన్నది లేదు. బాయిలోకి దిగేవాళ్లు తమ నంబరున్న బిళ్ల మాకిచ్చి టోపీ లైటు తీసుకునేవారు. పైకొచ్చి లైటు అప్పజెప్పి బిళ్ల తీసుకునేవారు. మేకుకు బిళ్ల వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. దాసన్న ఈ పద్ధతినే పుస్తకాలకూ పెట్టాడు. బ్యాటరీలు చార్జయ్యే అరల వెనక గోడకు ఇంకో వరస మేకులు కొట్టి, పుస్తకం తీసుకున్నవాళ్ల పేర్లతో అట్టబిళ్లలు తగిలించేవాడు. "బిళ్ల ఉన్నదంటే మనిషి ఇంక పుస్తకంలనే ఉన్నడన్నట్టు" అనేవాడు.

ప్రతి పుస్తకం చివర గంజితో అంటించిన ఒక చీటీ ఉండేది. బాగుంది, బాగాలేదు అని దానిమీద రాయకూడదు. ఎక్కడ ఆగిపోయావు, ఎందుకు ఆగావు, అంతే. "పదిహేనో పేజీ. నిద్ర పట్టింది. తప్పు పుస్తకానిది కాదు, డ్యూటీది" అని ఒకరు రాస్తే, "అరవయ్యో పేజీ. మా అవ్వ యాదికొచ్చింది. నాలుగొద్దులు మూసిపెట్టిన" అని ఇంకొకరు రాశారు. తర్వాతివాళ్లు అవి చూసి తమకు కావలసింది ఎంచుకునేవారు. ఇదేం పద్ధతని నేను మొదట్లో అడిగాను. "బాగున్నదంటే ఏమెర్కైతది తమ్మీ? ఎవనికి బాగున్నది? ఏడ ఆగిండో చెప్తే మనిషి ఎర్కైతడు, పుస్తకం గూడ ఎర్కైతది" అన్నాడు.

నేను నెమ్మదిగా చదివేవాణ్ణి. రోజంతా బొగ్గు ఎత్తి అలసిపోయే మనుషులు వారానికొక పుస్తకం పూర్తి చేస్తుంటే నా బిళ్ల మాత్రం నెలల తరబడి అదే మేకుకు ఉండేది. అందరికంటే ఎక్కువ చదివేవాడు రాజమల్లు, దాసన్నకు ప్రాణమిత్రుడు. ఇద్దరూ క్యాంటీన్‌లో ఒకే బల్ల మీద కూర్చుని పుస్తకాల గురించి పోట్లాడుకునేవారు. "ఏం సారూ, డిగ్రీ సదివినవట. నీ బిళ్లకు చెదలు వట్టేటట్టున్నది" అని నన్ను అందరి ముందూ ఆటపట్టించేవాడు. నాకది లోపల గుచ్చుకునేది. అప్పుడే అట్ట చిరిగి పేరు పోయిన ఒక నవల కొత్తగా వచ్చింది, ఒక పడవవాడి కథ. నలభై ఒకటో పేజీ దాకా చదివి బద్ధకించాను. అప్పటిదాకా పడవవాడు ఎక్కినవాళ్లనందరినీ నవ్విస్తూనే ఉన్నాడు. చీటీ మీద మొదటి పేరు నాది కావాలని, "చివరిదాకా చదివిన. ఎక్కడా ఆగలే. నవ్వుకుంట చదవొచ్చు, మనసు తేలికైతది" అని రాసి ఇచ్చేశాను.

ఆ వానాకాలమే రాజమల్లు ఎనిమిదేళ్ల కూతురు జ్వరంతో పోయింది. రెండు నెలల తర్వాత డ్యూటీకి వచ్చి, ఏదన్నా తేలికది ఉంటే ఇమ్మని దాసన్నను అడిగాడు. దాసన్న ఆ నవల ఇంకా చదవలేదు. నా చీటీ చూసి ఇచ్చాడు. రాజమల్లు ఎప్పుడూ చీటీలు చూసేవాడు కాదు, దాసన్న ఇచ్చిందే తీసుకునేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి, ముఖం నిండా బొగ్గుతోనే వచ్చి రాజమల్లు ఆ పుస్తకాన్ని కిటికీ అరుగు మీద పెట్టాడు. కథ రెండో సగంలో పడవవాడి చిన్నకూతురు నీళ్లలో పోతుందని, తండ్రి ఆ పిల్లను భుజాన వేసుకుని ఊళ్లోకి నడుస్తాడని అతను చెబితే అప్పుడు తెలిసింది నాకు. "ఎర్కుండే ఇచ్చినవా దాసూ?" అని అడిగాడు రాజమల్లు. గొంతు పెంచలేదు. నేను రెండు గజాల దూరంలో రిజిస్టరు రాస్తున్నాను. దాసన్న చివరి పేజీ తీసి చీటీ చదివాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. "నేనే సరిగ చూస్కోలే, రాజమల్లూ. తప్పు నాదే" అన్నాడు. చీటీని మెల్లగా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. రాజమల్లు తన అట్టబిళ్ల వెతుక్కుని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత లైటు తీసుకునేవాడు గాని దాసన్నతో మాట్లాడలేదు. క్యాంటీన్‌లో బల్ల మార్చాడు.

దాసన్న నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. మర్నాడు ఇంకో పుస్తకం చేతిలో పెట్టి, "ఆగుడు తప్పు కాదు తమ్మీ. ఆగిన కాడ ఆగిన్నని రాయి" అన్నాడు. నాకు చదవడం వచ్చిందంటే అక్కడి నుంచే వచ్చింది. కాని రాజమల్లుకు నిజం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే కరీంనగర్‌కు బదిలీ అయి వచ్చాను.

ఇక్కడ ఆదివారాలు కొందరం కూడి, చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఆ చీటీ పద్ధతి నేనే మొదలుపెట్టాను. అందరూ దాన్ని నా పేరుతో వెంకటేశం చీటీ అంటారు. ఎలా తట్టిందని ఒకరు అడిగితే, ఊరికే తట్టిందన్నాను. ఆ మాట ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. అది దాసన్నది.

దాసన్న మట్టికి, అంటే అంత్యక్రియలకు, వెళ్లినప్పుడు ప్రార్థన ముగిసేదాకా గేటు వైపే చూశాను. రాజమల్లు రాలేదు. పెట్టె వచ్చాక దాన్ని తెరవలేక, కిందటి వారం బెల్లంపల్లి బస్సెక్కాను. రాజమల్లు మంచం మీద ఆయాసపడుతూ కూర్చున్నాడు. అంతా చెప్పాను. గోడ వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లు ఆయనతోని మాట్లాడలే నేను. మట్టికి గూడ పోలే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "గా పుస్తకం ఆఖరుకన్న సదివినవా?"

లేదన్నాను.

"మరి ఏం జెప్ప వచ్చినవయ్యా? సదివి రా."

అందుకే ఇవాళ పెట్టె తెరిచాను. అట్టలేని ఆ నవల అడుగునే ఉంది. చివరి పేజీలో నా చీటీ ఊడదీసిన చోట గంజి మరక పసుపుపచ్చగా మిగిలింది. సాయంత్రం దాకా చదివి, ఆగాక దాని మీద కొత్త చీటీ అంటించి రాశాను: "మొదటిసారి నలభై ఒకటో పేజీ. బద్ధకం. చదివినని అబద్ధం రాసిన. దాసన్న తన మీదేసుకున్నడు. రెండోసారి తొంభై ఆరో పేజీ. పడవోని పిల్ల కనబడతలేదు. మూసిపెట్టిన." అట్టముక్క కత్తిరించి నా పేరు రాసి వరండా మేకుకు తగిలించాను. ఇంట్లోవాళ్లు అదేమిటని అడిగారు. మనిషి ఇంకా లోపలే ఉన్నాడని చెప్పాను.