పేరు రాయని గాజుగొట్టం: డాక్టరు కృపానందంగారి స్మృతి

డాక్టరు కృపానందంగారు లేరన్న వార్త నాకు రాజాం బట్టల బజారులో ఒక గుమాస్తా చెప్పాడు. "పెద్ద డాక్టరుగారు పోనారంట గదా బాబూ, మీకు తెలిసిందేటి?" అన్నాడు. అప్పటికి రెండు రోజుల ముందే నేను శ్రీకాకుళంలో ఆయన శవపేటికకు భుజమిచ్చి, సమాధిలో నా చేతులతో మట్టి వేసి, బస్సెక్కి తిరిగివచ్చినవాణ్ణి. ఆయన తుదిశ్వాస విడిచిన వేళ నాడిమీద ఉన్న వేళ్ళు నావే. అయినా ఆ మాట చెవిన పడిన క్షణాన దుకాణం అరుగుమీద కూలబడ్డాను. "అవునా, ఎప్పుడు?" అని అడిగానట. ఆ మాట అన్న జ్ఞాపకం నాకు లేదు.

ఎచ్చెర్ల దగ్గర ఒక కూలివారి ఇంట పుట్టి, మిషనువారి బడిలో అక్షరాలు దిద్దుకుని, చెన్నపట్నంలో వైద్యవిద్య పూర్తిచేసిన కృపానందంగారు తన జీవితాన్ని శ్రీకాకుళంలోని ఒక చిన్న మిషను ఆసుపత్రికే ధారపోశారు. పొడగరి, బక్కపలుచని మనిషి. వైశాఖమాసపు ఎండల్లోనూ మణికట్టుదాకా చేతుల చొక్కా గుండీలు పెట్టుకునే ఉండేవారు. ఎంత చదివినా రోగులతో పుట్టిన ఊరి మాటే మాట్లాడేవారు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆయన కింద చిన్న డాక్టరుగా చేరి కొన్నేళ్ళు శుశ్రూష చేసిన భాగ్యం నాది. ఆయన నన్ను ఏనాడూ డాక్టరు అనలేదు. "ఒరే అప్పలసామీ" అనే పిలిచేవారు.

ఆయనను చూసి జనం భయపడేవారన్న సంగతి దాచి ప్రయోజనం లేదు. యుద్ధం ముగిశాక స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక మిషను దొరగారు తన మందులపెట్టె ఆయనకు అప్పగించారు. అందులో కొన్ని తెల్లని మాత్రలుండేవి. వాటి పుట్టుకే ఒళ్ళు జలదరింపజేసే కథ. పరదేశంలో ఎక్కడో బూజుపట్టిన గడ్డి మేసిన పశువులు కొమ్ము కోసిన చిన్న గాయానికే నెత్తురు ఆగక, నిలుచున్నచోటనే ఒరిగి చనిపోయేవట. ఆ గడ్డిలోని విషాన్ని వేరుచేసి, గుండెజబ్బులో నెత్తురు గడ్డకట్టి ప్రాణం తీయకుండా మాత్రగా చేశారు. అయితే ఆ మాత్ర మింగినవాడి నెత్తురు ఎంత పలుచబడిందో రోజూ కొలవాలి. ఆ కొలతకు కావలసిన పొడిని ఆయన కుందేటి మెదడును ఎండబెట్టి, కల్వంలో నూరి, స్వయంగా తయారుచేసుకునేవారు. గొట్టంలోని నెత్తురులో ఆ పొడి కలిపిన నీళ్ళు పోసి, గోరువెచ్చని నీటిలో ముంచి, ఎడమచేత గడియారం పట్టుకుని, అది గడ్డకట్టేదాకా పెదవులు కదుపుతూ సెకన్లు లెక్కించేవారు. కిటికీలోంచి చూసినవారికి అది మంత్రజపంలా కనిపించేది. చిల్లంగి చేస్తున్నాడని, అంటే చేతబడి చేస్తున్నాడని, పల్లెల్లో పొక్కింది. ఆ మాట నేను ఆయన చెవిన వేస్తే నవ్వలేదు, కోప్పడలేదు. "ఆళ్ళ బయంలో తప్పేటున్నాదిరా? నాకూ బయమే," అన్నారు.

నెత్తురును గురించి ఆయన తరచు చెప్పే మాట ఒకటుంది. "నాగావళి లాటిదిరా ఇది. ఎండితే సేను సస్తాది, పొంగితే ఊరు సస్తాది. గట్టుమీద కాపలావోడివి నువ్వు. నిద్దరపోకు."

రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే వరహాలుశెట్టిగారిని గుండెపోటుతో మా ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఆ మాటకు అర్థం కళ్ళారా చూశాను. పది రోజులు కదలకుండా పడుకోబెట్టాం. నొప్పి తగ్గింది, ముఖంలో కళ వచ్చింది. పదకొండో నాటి ఉదయం ఎడమకాలు మోకాలి కిందనుంచి మంచులా చల్లబడి, పాలిపోయింది. గుండెలో పేరుకున్న గడ్డలో ఒక ముక్క విడివడి కాలిలో ఇరుక్కుంది. తరువాతి ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కాలిలోకి పోతే కాలు, తలలోకి పోతే ప్రాణం.

కృపానందంగారు శెట్టిగారి భార్య సూరమ్మగారిని వరండాలోకి పిలిచి ఎదురుగా నిలబడ్డారు.

"అమ్మా, నా దగ్గరొక మందున్నాది. ఇస్తే నెత్తురు పలచబడి, లోపలెక్కడో కారి పోవచ్చు. ఇయ్యకపోతే గడ్డకట్టి పోవచ్చు. మద్దిన సన్నపు దారొకటున్నాది. ఆ దారిని తీసుకెళ్ళగలనో లేదో నాకు తెల్దు."

ఆమె వార్డులోకి తొంగి భర్తవైపు చూసింది. "మీ సొంత తమ్ముడైతే ఏటి సేస్తారు బాబూ?" అంది.

"ఇస్తాను. ఇచ్చి బయపడతాను."

"అలాగైతే ఇయ్యండి. నేనూ బయపడతాను," అంది సూరమ్మగారు.

ఆ మరునాటినుంచి ఉదయం కొలతల బల్లమీద రెండు గాజుగొట్టాలు కనిపించసాగాయి. ఒకదానిమీద శెట్టిగారి పేరున్న కాగితం అంటించి ఉండేది. రెండోదానిమీద ఏ పేరూ లేదు. ఆ మాత్రలు తీసుకునే రోగి శెట్టిగారు తప్ప ఆసుపత్రిలో మరొకరు లేరు. ఎవరి నెత్తురని అడిగితే వినిపించుకోనట్టే లెక్కపెట్టుకుంటూ ఉండేవారు. అన్నిటికంటె విచిత్రం, ఆ పేరులేని నెత్తురు శెట్టిగారి నెత్తురుకంటె ఎప్పుడూ రెండు రోజులు ముందుండేది. ఇవాళ దానికి ఎంత ఆలస్యమైతే ఎల్లుండికి శెట్టిగారికి దాదాపు అంత ఆలస్యమయ్యేది. జరగబోయేది ముందుగానే ఆ గొట్టంలో జరిగిపోతున్నట్టుండేది. వార్డు ఆయా చుక్కమ్మ ఆ బల్ల తుడవటం మానేసింది. "అది సచ్చినోడి రగతం బాబూ. గడ్డకట్టదు సూడండి," అని నాతో గుసగుసగా అంది. నేను కసిరాను గాని, ఆ తరువాత ఆ బల్లకు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

అయిదో ఉదయం ఆ గొట్టంలోని నెత్తురు ఆయన లెక్క ఎంతదాకా పోయినా గడ్డకట్టలేదు. ఎండ బల్లమీదికి వచ్చేదాకా, వెనక గదిలో మధ్యాహ్నభోజనం గంట కొట్టేదాకా, అది ఎర్రగా అటూ ఇటూ కదులుతూనే ఉంది. నేను గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ వంచి చూశాను. కృపానందంగారు మాత్రం నెమ్మదిగా వెళ్ళి శెట్టిగారి మాత్ర సగానికి విరిచారు. శెట్టిగారి గొట్టం ఇంకా సక్రమంగానే ఉంది కదా, ఎందుకు తగ్గిస్తున్నారని అడిగాను. "ఎల్లుండి సూద్దువు," అన్నారు.

ఎల్లుండి ఉదయానికి శెట్టిగారి చిగుళ్ళనుంచి నెత్తురు, మూత్రంలో నెత్తురు. ఆ మందు మానినా దాని పని అప్పటికప్పుడు మానదు. విరుగుడు మా దగ్గర లేదు. మంచి నెత్తురు ఎక్కించటం ఒక్కటే మార్గం. శెట్టిగారి నెత్తురుతో సరిపడేది ఎవరిదని చూస్తే, ఆసుపత్రిలో ఇద్దరు తేలారు. ఒకరు కృపానందంగారు, మరొకరు చుక్కమ్మ. ఆయన చొక్కా చేయి మడుస్తారనే అందరం ఆయన వైపు చూశాం. ఆయన కిటికీవైపు తిరిగి నిలబడ్డారు.

"నా నెత్తురు పనికిరాదు," అన్నారు. అంతే.

ఆ క్షణాన నా గురువుమీద నాకు కలిగిన అసహ్యాన్ని ఈనాడు ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాయటానికి నేను అర్హుణ్ణి కాను. బిడ్డల తల్లి, చిక్కి శల్యమైన మనిషి, చుక్కమ్మ ముందుకు వచ్చి చేయి చాపింది. సూరమ్మగారు ఆమెకేసి చూసి, చుట్టూ చూసి, మెల్లగా అంది: "ఎవరి నెత్తురో ఆయనకి మాత్రం సెప్పకండి. తెలిస్తే అన్నం తినరు." చుక్కమ్మ మంచంమీద పడుకుంటూ, "నానేటి సెప్తానమ్మా. కానీండి," అంది. సాయంత్రానికి నెత్తురు నిలిచింది. నెల తరువాత శెట్టిగారు చేతికర్రతో నడిచి బండి ఎక్కారు.

ఉద్యోగం మానుకుంటానని చెప్పటానికి ఆ వారంలోనే కృపానందంగారి ఇంటికి వెళ్ళాను. ఆయన లేరు. పెరట్లో ఆయన భార్య ఎస్తేరమ్మగారు చొక్కాలు ఉతుకుతున్నారు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏటమ్మా అది?"

"ఏటున్నాది బాబూ. గెడ్డం గీసుకుంటే ఆగదు, దోమ కుడితే ఆగదు. సేతులనిండా నల్లటి కముకులు. ఆ మాత్రలు ఈయనా మింగుతన్నారు గదా, ఎప్పుడైనా ఇయ్యాల్సి రావొచ్చని శెట్టిగారికన్నా రెండ్రోజులు ముందునుంచి. నీకు సెప్పలేదేటి?"

నేను నూతిగట్టుమీద కూర్చున్నాను. ఆమె చొక్కా పిండుతూ చెప్పుకుపోయారు. "దొరల పుస్తకంలో ఉన్న లెక్క మాంసం తినే ఒళ్ళకంట. గెంజి తాగే మనిసికి ఎంతో అందులో రాయలేదంట. తెలియని దారిలో రోగిని ముందు పంపకూడదంటారు. నేను ఏడిస్తే ఇంటారా?"

ఆయన తన నెత్తురు ఇవ్వకపోవటం పిరికితనం కాదు. విషం కలిసిన నెత్తురును మరొకరి ఒంట్లోకి ఎక్కించనన్నారు. ఆ మాత్ర విరవకపోయి ఉంటే శెట్టిగారు ఆ రోజు దాటేవారు కారు. నేను రాజీనామా సంగతి ఎత్తకుండా వెనక్కి వచ్చాను. క్షమాపణ చెప్పబోతే, "పనుంటే సూడరా," అన్నారు.

తరువాత నేను రాజాంలో సొంతంగా వైద్యశాల పెట్టుకున్నాను. గత నెలలో కృపానందంగారికి గుండెపోటు వచ్చిందని కబురందగానే వెళ్ళాను. ఆయనకు వైద్యం చేయమని ఎస్తేరమ్మగారు నన్నే అడిగారు. మాత్రలు పెట్టెలోనే ఉన్నాయి. కాని ఆయనకు కడుపులో పుండు ఉంది. అంతకు నెల కిందట మలం తారులా నల్లగా పోయిందని ఆయనే చెప్పారు. అంటే లోపల ఒకసారి నెత్తురు కారింది. మాత్ర ఇస్తే మళ్ళీ కారవచ్చు. ఇవ్వకపోతే గడ్డకట్టవచ్చు.

"ఏటి సేస్తావురా అప్పలసామీ?" అన్నారు.

"ఇవ్వనండీ."

ఆయన తల దిండుకు ఆనించారు. "నేను నీ రోగినిరా. నువ్వు సెప్పిందే," అన్నారు.

ఎనిమిదో నాడు తన కుడి పిక్కను తానే నొక్కి చూసుకుని, నా చేయి తీసుకుని అక్కడ పెట్టారు. లోపల తాడులా గట్టిగా తగిలింది. మాత్ర తీయటానికి లేచాను. వద్దన్నారు. "ఇప్పుడేస్తే అది పనిసేసేది మూడో నాటికి. ఈలోగా పుండు మాత్రం తెరుసుకుంటాది."

"నేను తప్పు చేశానాండీ?"

"నువ్వు నడిసిన దారే కనపడతాదిరా. నడవని దారిలో ఏటుండేదో ఎవుడికి తెలుసు. దానికోసం ఏడవకు."

పదో నాడు మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఎస్తేరమ్మగారు మంచం పక్కన బైబిలు వాక్యం చదువుతున్నారు. కృపానందంగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఉన్నట్టుండి చేయెత్తి చదువు ఆపమన్నారు. గదిలో మాకు వినపడనిదేదో వింటున్నట్టు తల ఒక పక్కకు వంచారు.

"కదిలింది," అన్నారు.

ఆయన ముఖంలో నొప్పి లేదు. నేను పిక్కమీద చేయి వేసి చూశాను. ఉదయం తగిలిన తాడు అక్కడ లేదు. "వస్తన్నాది," అన్నారు మళ్ళీ, వీధి మలుపులో మనిషిని చూసి చెప్పినట్టు. తన నాడి మీదికి నా వేళ్ళు తానే జరిపారు. ఆ తరువాత ఊపిరి ఒక్కసారి ఎగబీల్చి, ఇక దించలేదు. ఆ రెండు మాటల నడుమ ఎంత వ్యవధి ఉందో నేను చెప్పలేను. శరీరం లోపల ఒక గడ్డ పిక్క వదిలి ఊపిరితిత్తులకు ప్రయాణమైన సంగతి మనిషికి తెలుస్తుందని ఏ గ్రంథమూ చెప్పదు. ఆయనకు తెలిసింది. నేను చూశాను. అప్పటినుంచి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోవాలంటే నాకు భయంగా ఉంటోంది.

అంత్యక్రియలకు వచ్చినవారు ఆయన ఔదార్యాన్ని, నిరాడంబరతను, దైవభక్తిని కొనియాడారు. అవన్నీ సత్యాలే. అయితే నాకు తెలిసిన కృపానందంగారు ధీరులని ఎవరన్నా అంటే ఒప్పుకునేవారు కాదు. ప్రతి ఉదయమూ భయపడేవారు. ఆ భయాన్ని రోగికి పంచకుండా, తానే ముందు మింగి, తరువాత మందు ఇచ్చేవారు. అటువంటి వైద్యుణ్ణి ఈ ప్రాంతం మళ్ళీ ఎప్పుడు కంటుందో.

ఈ ఉదయం బొబ్బిలివైపు పల్లెనుంచి ఒక కమ్మరిని ఎడ్లబండిలో తెచ్చారు. ఎదలో నొప్పి వచ్చి నాలుగు రోజులైందట. కడుపుమంట కూడా ఉందంటాడు. అతని కొడుకు గుమ్మంలో నిలబడి, "బతుకుతాడా బాబూ?" అని అడుగుతున్నాడు. కృపానందంగారి పెట్టెలోని మాత్రలు బల్లమీద పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అని ఉత్తరం రాసి అడగటానికి ఇక ఈ లోకంలో నాకు ఒక్కరూ లేరు. చివరికి ఒకటి విరిచి సగం ఇచ్చాను. అది సరైన పనో కాదో మూడో నాటికి గాని తెలియదు.