పసుపు పట్టిన మల్టీటూల్

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు రెండు పిచ్చులుండేవి. ఒకటి, ఎవరూ అడగకపోయినా హేతువాదం బోధించడం. రెండోది, చందనవెల్లిలో నేను పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డులో కొత్తవాళ్లకు ఇచ్చిన మల్టీటూల్‌ను నడుముకు తగిలించుకుని తిరగడం. మడిస్తే అరచేతిలో ఇమిడే ఆ సాధనంలో పట్టకారు, కత్తి, రంపం, స్క్రూడ్రైవర్లు అన్నీ ఉండేవి. (మొయినాబాద్‌లో షేర్ ఆటో ఎక్కినప్పుడు పక్కవాళ్లకు కనబడేలా చొక్కా కొంచెం పైకి లాక్కునేవాణ్ణి కూడా.) మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ అనే పల్లెలోని మా ఇంట్లో నా బోధకు దొరికినవాళ్లు ముగ్గురే: వ్యవసాయంతో పాటు పంచాయతీ రాజకీయం కూడా చేసే బాపు, మేం అవ్వ అని పిలిచే అమ్మ, డిగ్రీ చదువుతున్న చెల్లి.

ఆ ఏడాది చెల్లికి ఉన్నట్టుండి మూర్ఛలు మొదలయ్యాయి. చేవెళ్ల దవాఖానకు పోదామని నేను, గాలి సోకింది కాబట్టి షాబాద్ దిక్కున తాయత్తు కట్టే పెద్దమనిషి దగ్గరికి పోదామని బాపు. చేనుకు నీళ్లెప్పుడు పెట్టాలో చెప్పే బాపే కూతురి తలలో ఏం తిరుగుతోందో కూడా చెప్పేవాడు. రోజూ అన్నం ముందు కూర్చుని మేమిద్దరం అరుచుకునేవాళ్లం. చెల్లిని ఎవరూ అడగలేదు. నేను కూడా.

ఆ పంచాయితీ తెగకముందే దసరా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ట్రాక్టరు మొదలుకొని కత్తిపీట దాకా బొట్టు పెట్టించుకోని ఇనుము ఉండదు. నేను స్నానానికి పోయినప్పుడు బాపు నా మల్టీటూల్ తీసి, అందులోని ప్రతి ముక్కనూ విప్పి, తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరినీళ్లు చిలకరించి, భక్తిగా మళ్లీ మడిచేశాడు. సెలవులు ముగిసేసరికి కీళ్లలో పసుపు గట్టిపడి, తుప్పు పట్టి, అది ఉత్త ఇనుప ముద్దయింది.

"నువ్వు నమ్మకపోతివి, అందుకే బిగుసుకున్నది," అన్నాడు బాపు.

"దాంట్ల దేవుడు లేడు, దయ్యం లేదు. ఇప్పి చూపిస్త, మళ్ల బిగిస్త."

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మంచిగ బిగిస్తే నీ దవాఖానకే పోదాం. లేకుంటే తాయత్తుకు పోదాం, నోరు మూసుకొని బండి నువ్వే నడపాలె."

సరేనని వాకిట్లో తువ్వాలు పరిచాను.

దాని స్క్రూల తలలు నక్షత్రాల్లా ఉన్నాయి, నడుమ ఒక చిన్న మొటిమ. అట్లాంటివాటికి వేరే పనిముట్టు కావాలి. మా ఇంట్లో ఉన్నవి ట్రాక్టరు పానాలు, సుత్తె, మూరెడు స్క్రూడ్రైవర్, కుట్టుమిషన్‌తో వచ్చిన పుల్లంత స్క్రూడ్రైవర్. (సరిపోయేది మల్టీటూల్‌లోనే ఉందేమో, కానీ అది తెరుచుకోదు.) మేకు పెట్టి కొట్టి మొటిమ విరగ్గొట్టాను. పుల్లంతదాని కొనను ఆకురాయితో అరగదీసి, కుట్టుమిషన్ నూనె పోసి తిప్పితే మొదటి స్క్రూ కదిలి ఊడింది.

"చూసినవా బాపు, దేవుడు లేడు, స్క్రూ ఉన్నది."

"ఉన్నదాన్నన్న పట్టుకో, కింద పడ్డది."

రెండో స్క్రూ వదలగానే స్ప్రింగు ఎగిరింది. కత్తుల మధ్య ఉండే పల్చటి వాషర్లు వాకిలంతా చెదిరిపోయాయి. ఒకదాన్ని మా కోడిపెట్ట నూక అనుకుని గుటుక్కున మింగింది.

"ఇప్పుడు కోడిని ఇప్పుతవా?" అన్నాడు బాపు.

మిగిలినవన్నీ పాత బ్రష్షుతో తోమి కడిగాను. అవి మెరిశాయి, వాటి మీద నా ఉపన్యాసమూ మెరిసింది. బిగించబోతే, ఏది దేని పక్కన ఉండేదో గుర్తు రాలేదు. విప్పేటప్పుడు వరస చూసుకోలేదు, నా బుర్ర మీద నాకంత నమ్మకం. (మూఢనమ్మకాల జాబితాలో దాన్ని మాత్రం ఎప్పుడూ చేర్చలేదు.) కత్తి పెడితే రంపం పట్టదు, రంపం పెడితే పట్టకారు మూసుకోదు. పొద్దు వాలేసరికి ఎట్లాగో అన్నీ లోపలికి పోయాయి గాని, ఒక్కటీ బయటికి రాదు.

"నేను పూజ చేసినంక ఎట్లున్నదో గట్లనే చేసినవ్. పొద్దుగాల బండి తియ్యి," అన్నాడు బాపు.

అప్పటిదాకా గడపలో కూర్చున్న చెల్లి వచ్చి, ఆ ముద్దను నా చేతిలోంచి తీసుకుంది.

"ఏందన్నా, గిది తెరుసుకుంటే నాది రోగం, తెరుసుకోకుంటే గాలా? బాపు అంటే సరే, ఆయన కొబ్బరికాయ కుళ్లినా పని ఆపుతడు. నువ్వు గూడ శకునమే చూస్తున్నవు. ఇద్దరు కలిసి నా తలకాయను పందెంల పెట్టిండ్రు."

తండ్రీకొడుకులం ఒక విషయంలో కలవడం అదే మొదలు. ఇద్దరమూ ఒకేసారి తువ్వాలు మడతపెట్టడానికి వంగాం. మర్నాడు ఆమె అవ్వను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో చేవెళ్ల దవాఖానకు పోయింది. మమ్మల్ని రమ్మనలేదు.

మాత్రలతో మూర్ఛలు ఆగాయి. తర్వాత బాపు ఒకనాడు తాయత్తు తెచ్చి ఆమె చేతికి కట్టాడు. ఊళ్లో ఇప్పటికీ నయం చేసిన పేరు తాయత్తుదే, మాత్రలది కాదు. ఆ మాట అందరికీ చెప్పేది బాపే, మాత్రలు అయిపోకముందే గుర్తుపెట్టుకుని తెప్పించేదీ బాపే. ఈ లెక్కను ఏ తర్కంతో విప్పాలో నాకింకా తెలియలేదు. మల్టీటూల్ గూట్లోనే ఉంది, దసరాకు దసరాకు బొట్టు పెట్టించుకుంటుంది. నేను అడ్డు చెప్పను, దానికిక పోయేదేముంది.

మొన్న చిల్కూరు దగ్గర ఒక సభలో నేను శకునాలను చీల్చి చెండాడుతుంటే, ముందు వరసలో కూర్చున్న చెల్లి రెండు వేళ్లతో గాలిలో స్క్రూ తిప్పింది. నడుముకు ఇనుము వేలాడదీసుకుని లోకాన్ని బాగుచేయబోయిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, మాట మధ్యలోనే ఆగి నవ్వేశాను. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకేం అర్థమైందో నేను అడగలేదు.