నోరు మూసుకుని తెచ్చిన నల్లేరు

నా చిన్నతనంలో మా ఇంట్లో మందుల పెట్టె అంటూ వేరే ఉండేది కాదు. పోపుల డబ్బా, పెరటి కంచె, అవ్వ కొంగుముడి, ఇవే మా దవాఖాన. దగ్గొస్తే మిరియాలు, కడుపు నొస్తే వాము, చెవిపోటుకు వెల్లుల్లి కాచిన నూనె, దేనికీ తగ్గకపోతే చాందా పట్నంలోని మహంకాళమ్మకు మొక్కు. (అవ్వ లెక్కలో మొక్కు కూడా మందే, పథ్యం ఒక్కటే ఉండదు.) రాష్ట్ర సరిహద్దులో కొరపన వైపు, గడప లోపల తెలుగు, గడప బయట మరాఠీ మాట్లాడే ఊరు మాది. బడి దూరం కావడంతో బాపు, అంటే మా నాన్న, నాకు పలక మీద తెలుగు దిద్దించాడు, పక్కింటి కాకూ (మరాఠీలో పిన్ని) మరాఠీ నేర్పింది, మిగిలిన చదువంతా మా నాయనమ్మ, అంటే అవ్వ దగ్గరే. ఇంతమంది గురువులనిచ్చిన దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. కాకపోతే ఆ చదువులో నాకు పరీక్ష కూడా ఒకటి వచ్చింది, అది చెప్పాలి.

మాకొక బర్రె ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉన్నందుకు దాన్ని చుక్క అనేవాళ్లం. అమ్మ ఒకసారి పుట్టింటికి పోయి వస్తూ దూడగా తోలుకొచ్చింది. అమ్మకు ఎవరి మీద కోపమొచ్చినా మాతో అనేది కాదు, పోయి చుక్క మెడ గోకుతూ దాని చెవిలో చెప్పుకునేది. (మా బాపు తప్పులన్నీ ఆ బర్రెకు తెలుసు.) అప్పుడది తొలిచూలుతో ఉంది. ఒక చలికాలం పొద్దున తాడు తెంపుకుని, మంచుకు తడిసిన మా శనగ చేలో పడి, ఎవరూ చూడకముందే గొంతు దాకా మేసింది. పొద్దు పొడిచేసరికి దాని ఎడమ డొక్క ఉబ్బి డప్పులా బిగుసుకుపోయింది. నాలుక బయట పెట్టి ఎగశ్వాస తీస్తోంది. బాపు సైకిలెక్కి గొడ్ల డాక్టర్ కోసం పోయాడు. ఆయన రోడ్డెక్కాడో లేదో చుక్క ముందుకాళ్లు మడిచి కూలబడింది.

"అత్తమ్మా, సుక్క కూలవడ్డది! ఇగ లేవది!" అని అమ్మ గొంతు చీరుకుపోయేలా అరిచింది.

"లేవకుంటే మనమే లేపుదాం. ఏడ్సుడు బందువెట్టి నోట్లె ఏపకట్టె అడ్డం కట్టు. నములుతనే ఉండాలె, తేన్పు రావాలె," అంది అవ్వ. నా వైపు తిరిగి, "పోరీ, నల్లేరు తేవాలె. పత్తిచేను కంచె మీద పారింది సూడు, గదే."

నేను చెప్పులు వెతుక్కునేలోగా నెత్తిన బిందెడు చన్నీళ్లు పడ్డాయి. గొడ్డుకు మందు తెచ్చే పద్ధతి మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిందట: పెళ్లికాని పిల్ల తలస్నానం చేసి, తడిబట్టలతో, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా పోవాలి. "నోరు తెరవొద్దు. తల ఊపొద్దు. ఎనుకకు సూడొద్దు. మాట వడ్డదంటె మందు ఇరిగిపోతది, బర్రె పోతది," అంది. పళ్లు టకటకమంటుంటే నేను బయలుదేరాను. పళ్ల చప్పుడు మాట కింద లెక్కా కాదా అని అడుగుదామంటే అడగకూడదు.

పత్తిచేనుకు ఊరు దాటిపోవాలి. మొదట ఎదురైనవాడు మా రేడియో మామ. పేరు వేరే ఉంది, కానీ వార్త ఏదైనా రేడియో కంటే ముందు ఆయన నోటి నుంచే వస్తుంది. నోట్లో పళ్లపుల్లతో వస్తున్నవాడు నన్ను చూసి ఆగిపోయాడు. మా దగ్గర తడిబట్టలతో, జుట్టు విరబోసుకుని, పొద్దున్నే వీధిలో నడిచే ఆడమనిషి ఏ ఇంటి నుంచి వస్తుందో అందరికీ తెలుసు. చావు జరిగిన ఇంటి నుంచే. పైగా మా అవ్వకు వారం పది రోజులుగా దగ్గు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు. నేను మాట్లాడలేదు.

"అవ్వనా?"

తల ఊపకూడదు. మెడ బిగపట్టుకున్నాను. చుక్క నాలుక కళ్ల ముందు కదిలి నీళ్లు జలజలా కారాయి. అంతే, ఆయనకు అది చాలు. పళ్లపుల్ల కింద పడేసి, తువ్వాలు తలకు చుట్టుకుని, "అయ్యో పెద్దవ్వా! నిన్ననే నాతోని లొల్లి పెట్టుకుంటివి గదనే!" అంటూ ఊళ్లోకి పరుగెత్తాడు. నేను చేనువైపు పరుగెత్తాను.

నల్లేరు దొరికింది, కానీ ముళ్లకంచె మీద అల్లుకుని ఉంది. చేతులు గీరుకుపోతున్నా ఒళ్లో పట్టినంత తెంపాను. తడిబట్టకు దాని పసరంటి ఒళ్లంతా దురద. మహంకాళమ్మా, చుక్క లేచి నిలబడితే నడిచి వచ్చి నీ గుడి ముందు కొబ్బరికాయ కొడతాను అని మనసులో మొక్కుకున్నాను. (మనసులో అనుకున్నది కూడా మాటే అయితే ఎట్లా అని వెంటనే భయమేసి, ఆ మొక్కును వెనక్కి తీసుకోవాలా వద్దా అని సగం దారి దాకా ఆలోచించాను.)

తిరుగుదారిలో కాకూ అడ్డం పడింది. రెండు చేతులతో నన్ను గుండెకు అదుముకుని, "రడ్ గ బాయీ, రడ్! దుక్కం లోపల వెట్టుకోవద్దు, గట్టిగ ఏడ్వు!" అంటూ వదలదు. ఏడవకపోతే పిల్ల గుండె ఆగిపోతుందని ఆమె భయం. అవతల చుక్క గుండె ఆగిపోతుందని నా భయం. విడిపించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. "సూడుండ్రమ్మా, పోరికి నోరు వడిపోయింది!" అని పక్కవాళ్లను పిలిచింది. చివరికి ఆమె చంక కింద నుంచి జారి పరుగు తీశాను.

అప్పుడు మొదలైంది వెనక అడుగుల చప్పుడు. ముందు నలుగురివి, తర్వాత పదిమందివి, తర్వాత లెక్క తెలియలేదు. గుసగుసలు, ముక్కు చీదే చప్పుడు, కర్రలు నేలకు తగిలే చప్పుడు. వెనక్కి చూడకూడదు. నా వెనక నడుస్తున్నది మనుషులేనా అన్న అనుమానం వచ్చి అడుగులు తడబడ్డాయి.

వాకిలి చేరేసరికి అవ్వ రోట్లో వాము దంచుతోంది. నా వెనక చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

అవ్వ రోకలి ఆపి చూసింది. "ఏందిరా గింత మంది? ఎవలు పోయిండ్రు?"

రేడియో మామ తలకు చుట్టిన తువ్వాలు విప్పేశాడు. "నువ్వే పోయినవు గద పెద్దవ్వా!"

"పోత తియ్యి. ముందుగాల గా బర్రెను లేపుండ్రి!"

అప్పుడు చూశాను, మామ భుజాన రెండు పచ్చి వెదురు బొంగులు. పాడె కోసం దారిలోనే నరుక్కొచ్చాడు. మా ఇంట్లో మందు పోసే గొట్టం పగిలి ఉండడంతో అవ్వ ఆ బొంగునే చూపించి, "గా కొస కోయి, గొట్టం చెయ్యి" అంది. ఒకరు బొంగు కోశారు, ఇద్దరు నల్లేరు కణుపులు దంచారు, మిగతావాళ్లు గోనెసంచులు మడిచి చుక్క ఛాతీ కిందా తొడల కిందా దూర్చి పట్టుకున్నారు. "హయ్! ఇంకొంచెం! ఓ సుక్కా, లేవే తల్లీ!" మూడుసార్లు లేచినట్టే లేచి కూలబడింది. అమ్మ దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అంది. నాలుగోసారి వెనకకాళ్లు నిలిచాయి. ముందుకాళ్లను గట్టు మీదికి ఎక్కించారు. అవ్వ నల్లేరు, వాము, ఉప్పు కలిపిన నువ్వుల నూనెను కొంచెం కొంచెంగా పోసింది, కాకూ డొక్క మర్దన చేసింది. ఊరంతా ఒక బర్రె నోటి వైపు చూస్తూ నిలబడింది.

కాసేపటికి చుక్క మెడ చాచింది. వచ్చింది తేన్పు! అంత గొప్ప చప్పుడు, అంత చెడ్డ వాసన నేను మళ్లీ ఎరగను. మామ సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. అందరూ దండాలు పెట్టారు, ఆయన మాత్రం ముక్కు మూసుకుని పెట్టాడు.

బాపు, డాక్టర్ వచ్చింది అప్పుడే. వాకిట్లో జనాన్నీ వెదురునూ దూరం నుంచే చూసిన బాపు సైకిల్ పడేసి, "అవ్వా!" అని ఏడుస్తూ వచ్చాడు. "నేను బాగనే ఉన్న. బర్రె గూడ బాగనే ఉన్నది. నువ్వే సైకిల్ ఇరగ్గొట్టినవు," అంది అవ్వ. డాక్టర్ చుక్కను తడిమి చూసి సూది వేశాడు. లేపి నిలబెట్టడం, నోట్లో కర్ర కట్టడం మంచి పని అన్నాడు. మందు పోసేటప్పుడు తల మరీ ఎత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని హెచ్చరించాడు.

ఇంత జరిగినా నేను గోడవారన వణుకుతూ నిలబడే ఉన్నాను. కాకూ నా గడ్డం పట్టుకుని, "ఇంక నోరు రాలేదా పోరికి?" అంది. అవ్వ నెత్తి కొట్టుకుంది. "నీ నోరు ఇడుసుడే మరిసిన! ఇగ మాట్లాడు బిడ్డా."

అందరూ నా వైపు తిరిగారు. మామకు చెప్పాల్సిన జవాబులు, కాకూకు చెప్పాల్సిన సంజాయిషీలు గొంతులో వరుస కట్టి ఉన్నాయి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, "అందరు చాయ్ తాగి పోండ్రి."

కాకూ ఇంటి నుంచి పాలు వచ్చాయి. పీనుగును మోయడానికి వచ్చినవాళ్లు మా వాకిట్లో వరుసగా కూర్చుని నేను పోసిన చాయ్ తాగారు. "సావుకొచ్చి చాయ్ తాగుడు ఇదే మొదటిసారి" అన్నాడు మామ. "నిజంగ పోయిననాడు గూడ తాగి పోండ్రి" అంది అవ్వ.

ఇప్పుడు మా పశువులకు ఏమైనా అయితే ఫోన్ చేస్తే డాక్టర్ వస్తాడు. అది కూడా మహంకాళమ్మ దయే, కాదనను. నేను రోజంతా ఫోనులో మాట్లాడుతూనే ఉంటాను. ఎంత మాట్లాడినా ఆ పొద్దు ఒక్క మాట అనకుండా పోగుచేసినంత మందిని మళ్లీ ఎన్నడూ పిలవలేకపోయాను. గోడవారన పళ్లు కొట్టుకుంటూ, ఒళ్లంతా దురదతో, అందరికీ చాయ్ పోస్తున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. లోపలికి పోయి పొడి తువ్వాలు తెచ్చి దాని తల తుడవాలనిపిస్తుంది. అంత సందట్లో ఆ పని ఎవరికీ గుర్తు రాలేదు.