స్వరంతో పది ఆజ్ఞలు

ఆ రోజుల్లో ఇంటర్ పిల్లల భవిష్యత్తంతా మార్కుల మీదే ఉండేదని అందరూ అంటారు. నా మటుకు అది నాలుగింటి బస్సు మీద ఉండేది. మాది రాజమండ్రిలో క్యాథలిక్ సిస్టర్లు నడిపే కాలేజీ. ఊరేమో కోనసీమలో, అక్కడికి ఆఖరి బస్సు నాలుగింటికే. క్యాథలిక్ పిల్లలకు పొద్దున్నే సత్యోపదేశం క్లాసు, మిగతావాళ్లకు సాయంత్రం నాలుగు దాటాక నీతిబోధ. (మేము నీతి నేర్చుకునేసరికి మా బస్సు రావులపాలెం దాటేది.) హాస్టల్లో చేరదామంటే, కోడిగుడ్లు ఉడికే చోట నా కొడుకు అన్నమెలా తింటాడని అమ్మ బెంగ. "బస్సు అందితే చదువుకో. లేదంటే నాన్నగారి వెంట పౌరోహిత్యానికి వెళ్లు" అని తేల్చేసింది.

అందుకని పొద్దుటి క్లాసులో కూర్చుంటానండి అని సిస్టర్ గారిని బతిమాలుకున్నాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "కూర్చో బాబూ. కానీ అందరిలాగే బైబిల్లోని పది ఆజ్ఞలూ అప్పజెప్పాలి. వచ్చే నెల బిషప్ గారు వస్తున్నారు. ఆయన ముందు తడబడ్డావంటే మళ్లీ సాయంత్రం క్లాసే" అన్నారు.

ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని పది ఆజ్ఞలు బట్టీ పట్టడం మొదలెట్టాను. లోపల దర్భలు సర్దుకుంటున్న నాన్నగారు బయటికొచ్చి నిలబడ్డారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కాసేపు విని, "ఏంట్రా ఆ చదవడం, సంతలో వంకాయలు అమ్ముతున్నట్టు? ఏ దేవుడి మాటైనా స్వరం ఉండాలి. ఊఁ, నా వెనకాల అను" అన్నారు. వేరే దేవుళ్లను కొలవకూడదనే మొదటి ఆజ్ఞను కూడా (మా ఇంట్లో దేవుళ్ల పటాలకు గోడలు చాలవు) ఎత్తూ పల్లమూ తప్పకుండా వేదపాఠంలాగే చెప్పించారు.

బిషప్ గారు రానే వచ్చారు. ఆజ్ఞలు ఎవరు చెబుతారని అడిగితే క్లాసంతా బల్లలకేసి చూసింది. సిస్టర్ గారు నాకేసి చూశారు. లేచి, కళ్లు మూసుకుని అందుకున్నాను. పదీ గడగడా వచ్చేశాయి. అంతటితో ఊరుకోవచ్చు కదా. నాన్నగారి దగ్గర పాఠం ముగించే అలవాటు కొద్దీ, చివర్న "హరిః ఓం" అనేశాను.

కళ్లు తెరిచాను. సిస్టర్ గారి చెయ్యి మెడలోని సిలువ మీదికి వెళ్లింది. నా బస్సు వెళ్లిపోతున్నట్టే అనిపించింది.

"మీ నాన్నగారేం చేస్తారు బాబూ?" అన్నారు బిషప్ గారు.

"పౌరోహిత్యమండి."

"ఇవి ఆయనే చెప్పించారా?"

"అవునండి."

ఆయన మెల్లగా నవ్వి, "ఒక్క తప్పు కూడా పోలేదు. సిస్టర్ గారూ, మన పిల్లల్ని కూడా ఓ నెల వాళ్ల అరుగు మీదికి పంపిద్దామా?" అన్నారు. ఆ రోజు నాలుగింటి బస్సులో నాకు కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. నాన్నగారు కాళ్లు కడుక్కుంటూ, "స్వరం ఎక్కడైనా తప్పావా?" అని మాత్రం అడిగారు. లేదండి అంటే, "అయితే సరే" అని లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను కాకినాడలో ఉద్యోగం చేసుకుంటున్నాను. నాన్నగారు లేరు. ఆయన ఏళ్ల తరబడి నేర్పిన మంత్రాల్లో సగానికి సగం మరిచిపోయాను, అందుకు సిగ్గుగానే ఉంటుంది. ఆయనవి కాని ఆ పది ఆజ్ఞలు మాత్రం అచ్చం ఆయన గొంతుతోనే నాలో ఉండిపోయాయి. ఆయన మరీ గుర్తొచ్చిన రోజున, ఆఫీసుకు వెళుతూ స్కూటర్ మీద వాటినే గొణుక్కుంటాను. చివర్న హరిః ఓం కూడా అంటాను, ఎవరికీ వినపడకుండా.