నలభై రెండో నంబరు హాజరు

పింఛను తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు చేసుకోవాలన్న సంగతి మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. పూర్వమైతే బ్యాంకుకు నడిచి వెళ్ళి, ఒక కాగితం మీద సంతకం పెట్టి, మేనేజరుతో కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఫోను ముందు కూర్చుని కళ్ళార్పితే చాలట. మొన్న మా కోడలు మడికొండలోని తన ఆఫీసు నుంచి వస్తూనే ఫోను నా మొహానికి ఎదురుగా పట్టుకుని కళ్ళార్పమంది, ఆర్పాను. మళ్ళీ ఆర్పమంది, మళ్ళీ ఆర్పాను. చాలాసేపటికి గాని దానికి నా మీద నమ్మకం కుదరలేదు. చివరికి పచ్చ గుర్తేదో పడింది, ఇక మీరున్నట్టే మామయ్యా అని ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఉన్నట్టే అన్న ఆ మాట పట్టుకుని ఆ పూటంతా ఊరికే కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళు దాటింది, ఇదే ఊళ్ళో మా ఇంజనీరింగ్ క్లాసు మొత్తం కలిసి ఒక మనిషి ఉన్నట్టే అని కొన్నాళ్ళపాటు రోజూ చెప్పింది. అప్పటికి ఆ మనిషి లేడు.

మాది వరంగల్ స్టేషన్ దగ్గరి బజారులో ఇనుప సామాన్ల దుకాణం. మెకానికల్ అంటే నట్లూ బోల్టులే కదా, నాలుగేళ్ళు చదివి నేరుగా వచ్చి గల్లా మీద కూర్చుంటాడని మా బాపు అంచనా. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకూ మావాడు నట్లూ బోల్టుల పెద్ద చదువు చదువుతున్నాడని చెప్పుకుని మురిసిపోయేవాడు. నాకేమో ఆ చదువులో ఏ ముక్కా మొదట్లో అర్థమయ్యేది కాదు. డ్రాయింగ్ సార్ బల్ల మీద ఒక చెక్క దిమ్మె పెట్టి దీన్ని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయమంటే, ఎటునుంచి చూసినా నాకది చెక్క దిమ్మెలాగే కనబడేది. నన్ను ఒడ్డున పడేసింది నా పక్క నంబరు.

ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. పెళ్ళికైనా నాలుగు సంబంధాలు చూస్తారు గాని, అక్కడ పేర్ల వరసలో పక్క నంబరు ఎవరిదైతే వాడితోనే నాలుగేళ్ళ కాపురం. ల్యాబులో వాడే, వర్క్‌షాపులో వాడే, పరీక్ష హాల్లో వెనక బల్ల మీదా వాడే. నాది నలభై ఒకటి, అతనిది నలభై రెండు. నర్సంపేట అవతలి పల్లె నుంచి వచ్చాడు. వాళ్ళ నాయిన ఆ ఊరి చర్చిలో ఉపదేశి. ఫాదరుగారు రాలేని ఆదివారాల్లో ప్రార్థన చేయించడం, పిల్లలకు పాటలు నేర్పడం ఆయన పని, మిగిలిన రోజుల్లో పత్తి చేను. నాయిన దగ్గర చిన్నప్పటినుంచీ పాడి పాడి నా స్నేహితుడి గొంతుకు ఒక సాగుడు అలవాటైపోయింది. సార్ హాజరు పిలిచినప్పుడు అందరం ప్రెజెంట్ సర్ అని విసిరేసినట్టు పలికేవాళ్ళం. అతని సర్ మాత్రం చివర కొంచెం సాగి, కీర్తన ముగిసినట్టు మెత్తగా ఆగేది. దానికి మేము పడీ పడీ నవ్వేవాళ్ళం, అతనూ నవ్వేవాడు.

అతని చెయ్యి మటుకు నవ్వులాట కాదు. ఫిట్టింగ్ షాపులో ఒకదాంట్లో ఒకటి ఒదిగే ఇనుప ముక్కలు ఆకురాయితో అరగదీసి తయారుచేయాలి, ఒకటి నేను, ఒకటి అతను. రెండూ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు మధ్యలో వెలుగు కనపడితే మార్కులు పోయినట్టే. వెలుగు కనపడిందంటే అది నా వైపునుంచే అని వేరే చెప్పాలా, అతను మారు మాట్లాడకుండా నా ముక్క కూడా అందుకుని సరిచేసేవాడు. డ్రాయింగ్ షీట్లయితే మార్కులు వేసి తిరిగివ్వగానే ఇంటికి పట్టుకుపోయేవాడు. నేనొకసారి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు చూశాను, ఏసుప్రభువు పటానికి అటూ ఇటూ గోడ నిండా షీట్లే, బేరింగులూ కప్లింగులూ, మూలన అతని పేరూ నంబరూ. వాటిలో ఏది ఏ యంత్రమో వాళ్ళ నాయినకు తెలియదు, కాని నంబరు మాత్రం చుట్టాలందరికీ వేలు పెట్టి చూపించేవాడు.

మూడో ఏడు చలికాలంలో అతని కళ్ళు పచ్చబడ్డాయి. హాస్టల్లో కామెర్లు కొత్తేమీ కాదు, వస్తాయి పోతాయి అనుకున్నాం. ఊరికి వెళ్ళి పసరు తాగి వచ్చాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ పడుకున్నాడు, వాళ్ళ నాయిన వచ్చి దవాఖానలో చేర్పించాడు. సాయంత్రాలు మేము సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. జబ్బు గురించి ఒక్క మాట అడిగేవాడు కాదు, అడిగేదల్లా హాజరు గురించే. తగినంత హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది, మళ్ళీ జూనియర్లతో కూర్చోవాలి. వాళ్ళింట్లో పదో తరగతి దాటినవాడు అతనొక్కడే, ఒక ఏడాది వెనకబడితే ఆ చదువు అక్కడితో సరి. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

“నా నంబర్ ఖాళీ పోనియ్యకుండ్రి భాయ్. డిటెయిన్ అయితే మా నాయిన మల్ల పంపడు.”

ఖాళీ పోనివ్వం అని మాటిచ్చాం. మొదటి గంట థర్మోడైనమిక్స్ సార్‌ది. తలెత్తకుండా నంబర్లు చదువుకుంటూ పోయే మనిషి కాబట్టి మాట నిలబెట్టుకోవడం కష్టం కాలేదు. నాకు మాత్రం ఆ భాగ్యం లేదు, నలభై ఒకటికి పలికిన నోటితో వెంటనే నలభై రెండుకూ పలికితే దొరికిపోతాను. అందుకని వెనక బెంచీల వాళ్ళు వంతులు వేసుకున్నారు. అనుమానం రాకుండా అతనిలాగే సర్‌ను సాగదీసేవారు. సాయంత్రం దవాఖానలో వాళ్ళు ఆ అనుకరణ చేసి చూపిస్తే, అతను నవ్వలేక పొట్ట పట్టుకునేవాడు. ఇంకో నెలలో వచ్చేస్తాడనే అనుకున్నాం. శనివారం తెల్లవారుజామున పోయాడు.

ఆదివారం నాడు వాళ్ళ ఊళ్ళో మట్టి చేశారు. మేమంతా అద్దె వ్యాన్లో వెళ్ళాం. ప్రార్థన చేయించాల్సిన ఫాదరుగారు ఆలస్యంగా వస్తే, అంతదాకా పాట ఆగకుండా నడిపించింది వాళ్ళ నాయినే. జనం వెనక చేతులు కట్టుకుని థర్మోడైనమిక్స్ సార్ నిలబడి ఉండడం చూశాను. బస్సులో ఒక్కడే వచ్చినట్టున్నాడు, మాతో మాట్లాడలేదు, మాకంటే ముందే వెళ్ళిపోయాడు.

సోమవారం క్లాసు మొదలైంది. నా పక్క చోటు ఖాళీగా ఉంది. సార్ రిజిస్టరు తెరిచి నంబర్లు చదవసాగాడు. నలభై ఒకటి అన్నాడు, ప్రెజెంట్ సర్ అన్నాను. తర్వాతి నంబరు దాటేస్తాడనుకున్నాను. కళ్ళారా చూసి వచ్చిన మనిషి కదా, దాటేయాలి కదా. సార్ కాస్త ఆగి, నలభై రెండు అన్నాడు.

ప్రెజెంట్ సర్ అని వినబడింది. చివర మెత్తగా సాగి ఆగింది. సార్ తలెత్తలేదు, కలం కదిలింది, నలభై మూడు అన్నాడు. గంట కొట్టాక వెనక బెంచీల వైపు వెళ్ళి ఎవరురా అన్నది అని అడిగితే, వాళ్ళే నన్నడిగారు. వంతు ఎవరిది అంటే ఆ రోజు ఎవరి వంతూ కాదు. అలవాటులో నోరు జారిందేమో, ఒప్పుకోవడానికి భయపడుతున్నారేమో అనుకున్నాం. కాని మర్నాడూ సార్ పిలిచాడు, మర్నాడూ జవాబొచ్చింది. ఒకరోజు కిటికీ వైపునుంచి వచ్చినట్టుండేది, ఒకరోజు నా వెనకనుంచే. ఒక్కరే రోజూ పలికారో, ఒకరికి తెలియకుండా ఒకరు పలికారో చెప్పలేను. మొదట్లో ఆ ఘడియ వస్తుందంటే నాకు భయమేసేది. పోనుపోను దానికోసమే పొద్దున్నే లేచేవాణ్ణి. ఆ మాట వినబడ్డాక పక్కకు చూడకుండా కూర్చుంటే, అతను అక్కడే ఉండి పెన్సిలు చెక్కుకుంటున్నట్టే ఉండేది.

ఇంజను ల్యాబులో మరీ కష్టంగా ఉండేది. ఇంజను తిరుగుతుంటే డ్రమ్ము మీది తాడు బిగించి బరువు చూసేది నేను. గాజు గొట్టంలో డీజిలు ఒక గీత నుంచి ఇంకో గీతకు దిగేదాకా స్టాప్‌వాచీ పట్టుకుని చూసేది అతను. ఆ హోరులో అతను ఆఁ అని కేకేస్తే నేను తాడు వదిలేవాణ్ణి. అతని తర్వాత నాకు ఇంకొకణ్ణి జత చేశారు, మంచివాడే, కాని వాడు కేకేసినా నా చెయ్యి తాడు వదిలేది కాదు, ఇంకో కేక కోసం ఆగేది. ఒకరోజు ఆ కేక విన్నాను కూడా. చదువుకున్నవాడు రాయాల్సిన మాట కాదని నాకు తెలుసు, విన్నాను కాబట్టి రాస్తున్నాను.

సెమిస్టరు చివరికొచ్చాక ఒక పొద్దున వాళ్ళ నాయిన హాస్టల్లో ఉన్న ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. ఈ ఒక్క గంట అయ్యాక నేనే వచ్చి పెట్టె మోస్తానని చెప్పి ఆయన్ను క్లాసు బయట వరండాలో కూర్చోబెట్టాను. హాజరు మాట నాకా క్షణంలో తట్టనేలేదు. సార్ నలభై దగ్గరికి వచ్చాక గాని గుర్తుకు రాలేదు, అప్పటికి చేయగలిగిందేమీ లేదు. నలభై రెండు అన్నాడు సార్. ఎప్పటిలాగే జవాబొచ్చింది, సాగి, మెత్తగా ఆగింది.

గుమ్మంలో వాళ్ళ నాయిన నిలబడి ఉన్నాడు. చెప్పులు వరండాలోనే విడిచాడు. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు, తర్వాత సార్‌కు చేతులు జోడించాడు.

“సార్, ఇప్పుడు పిలిచిన నంబర్ జర మల్లొక్కసారి పిలువుండ్రి.”

సార్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ పిలిచాడు. నలభై రెండు. ఈసారి ఎవరూ పలకలేదు. ఆఖరికి వాళ్ళ నాయినే జవాబిచ్చాడు.

“లేడు సార్. పిల్లలను ఏమనకుండ్రి.”

సార్ నిలబడే రిజిస్టరులో రాసుకున్నాడు. నలభై మూడు అని పిలిచాడు గాని, నలభై మూడు వాడు అప్పటికే బల్ల మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. ఆ రోజు పాఠం జరగలేదు. మర్నాటినుంచి నా తర్వాత సార్ నేరుగా నలభై మూడు పిలిచేవాడు. అన్నాళ్ళూ ఎందుకు పిలిచాడో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది, ఇప్పుడు అడుగుదామంటే ఆయనా లేడు.

ట్రంకు పెట్టె నేనొక పక్కా ఆయనొక పక్కా పట్టుకుని రోడ్డు దాకా నడిచాం. మేము ఆయన్ను మోసం చేశామనీ, మా దొంగ హాజరు పట్టించడానికే మళ్ళీ పిలవమన్నాడనీ నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను, క్షమించమని అడగడానికి మాట వెతుక్కుంటున్నాను. నర్సంపేట బస్సు కనబడ్డాక పెట్టె దించి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆయనే చెప్పాడు.

“వాని గొంతే అనిపిచ్చింది బిడ్డా. ఇంకొక్కసారి ఇందామని పిలువమన్న.”

బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు. మా అందరి భయానికి ఆ రెండో జవాబు ఆయనకు దక్కకుండా పోయింది. ఎవరో ఒకరం పలికి ఉంటే ఆయన ఏం చేసేవాడు, గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడా, కూలబడేవాడా, మేలు జరిగేదా కీడు జరిగేదా, ఇన్నేళ్ళుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

మా బ్యాచి వాళ్ళం హన్మకొండలో కలిసినప్పుడల్లా ఆ పలికింది ఎవరన్న మాట వస్తుంది, ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోగలిగిన వాళ్ళు కూడా ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. మా కాలేజీలో ఇప్పుడు క్లాసు గుమ్మం పక్కన గోడకు చిన్న పెట్టె బిగించారట, పిల్లలు వేలు ఆనించి లోపలికి పోతారు, ఒకడి బదులు ఇంకొకడు పలకడానికి వీల్లేదు. మంచిదే, అబద్ధాలు తగ్గాయి. కాని రానివాణ్ణి అది పిలవదు. పిలిచి, వస్తాడేమోనని ఒక్క క్షణం ఆగదు. వేలు పడని పేరు దానంతటదే చెరిగిపోతుంది, లేడని చెప్పాల్సిన భారం ఏ తండ్రి మీదా పడదు. నా వయసు వాళ్ళను ఒక్క మాట అడగాలని ఉంది. మనం పోయిన మర్నాడు మన నంబరును పొరపాటున అయినా ఎవరైనా పిలుస్తారంటారా, పిలిస్తే, మన కోసం అబద్ధమాడేవాడు వెనక బెంచీలో ఒక్కడైనా మిగిలి ఉంటాడంటారా?