బాపమ్మ రెండు పాదాలు

నిన్న కరీంనగర్‌లో మా మనవడి కోసం దొడ్డికి కూర్చునే బాతు ఆకారపు ప్లాస్టిక్ పీట కొన్నాను. వాడు దానిమీద కూర్చుని పని కానిస్తే అది పాట పాడుతుందట. "పాట తీసేసి ఎంతకిస్తవ్?" అని అడిగి, రెండుసార్లు మెట్లు దిగినట్టు నటించి, గెలిచాననుకుని ఇంటికొస్తే అదే పీట పక్కింట్లో ఇంకా తక్కువకు వచ్చి ఉంది. ఇప్పుడు ఇల్లంతా కొత్త ప్లాస్టిక్ వాసన.

సుల్తానాబాద్‌లో మా చిన్నప్పుడు ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు, నడుమ వాకిలి. ఎండుమిర్చి ఘాటు, బెల్లం జిగట, కిరోసిన్ కంపు కలిసి మా బట్టలకే కాదు, అన్నానికి కూడా పట్టేవి. చలికాలం పొద్దున ఎండ గోడమీంచి దిగగానే మా నాయన తల్లి, బాపమ్మ, చీర మోకాళ్లదాకా ఎగదోపి కాళ్లు చాపుకుని కూర్చునేది. పగిలిన మడమల మధ్య ఇంత బూడిద పోసి, పసివాణ్ణి తన రెండు పాదాల మీద గొంతుకూర్చోబెట్టి, చేతులు పట్టుకుని "ష్... ష్..." అంటూ, ఎదురుగా ఎండబోసిన చింతపండు మీదికొచ్చే కాకుల్ని కూడా అదే నోటితో అదిలించేది. మెడ నిలబడిన నాటి నుంచి మేమంతా ఆ పాదాల మీద కూర్చుని పెరిగినవాళ్లమే.

నా తర్వాత చాలా ఏళ్లకు పుట్టినవాడు మా చిన్నోడు. వాడికి మాటలు వస్తున్న ఏడు, బతుకమ్మ సద్దులకు నువ్వులూ పల్లీలూ వేగుతున్న పొద్దున, అటక మీది కుండ దించబోయి బాపమ్మ నిచ్చెన మీంచి పడింది. నడుము కింద ఇక స్పర్శ రాదని డాక్టరు బయట మా నాయన, బాపుకు చెప్పాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. "తిమ్మిరెక్కినయ్ అంతే. దీపావళి దాంక లేస్త" అనేది మంచంలోంచి.

చిన్నోడు మాత్రం ఆ రోజు నుంచి దొడ్డికి పోకుండా బిగబట్టాడు. అవ్వ, అంటే మా అమ్మ, తన కాళ్ల మీద కూర్చోబెడితే కట్టెలా బిగుసుకుని, "గివి వద్దు, బాపమ్మవి" అని ఏడ్చేవాడు. బేరంతో లొంగని మనిషి లేడని నమ్మిన దుకాణపుపిల్లను, రంగంలోకి దిగాను. పుట్నాలు పెట్టాను, బెల్లం పెట్టాను, చివరికి సీసాలోని పిప్పరమెంట్లు. అన్నీ నమిలి, నోరు తుడుచుకుని లేచిపోయాడు. సరుకు ముందే ఇచ్చి మోసపోయింది మా వంశంలో నేనొక్కదాన్నే. ఆముదం కక్కేశాడు. కింద సబ్బుముక్క పెట్టబోతే ఊరంతా వినపడేలా అరిచాడు. అవ్వ ఓ దెబ్బ వేసి, వాడికంటే ఎక్కువ తనే ఏడ్చింది.

"పోరని కడుపు రాయోలె అయింది. ఇగ నాతోని కాదు" అంది బాపుతో.

మంచంలోంచి బాపమ్మ కేకేసింది: "నన్ను కిందికి దించున్రి. కాళ్లు సాపనీకి తాకత్ ఎందుకే పిల్లా?"

వాకిట్లో దించారు. గోడకు మెత్త దిండు ఆనించి, ఒక్కొక్క కాలునూ అవ్వే చేత్తో ఎత్తి, తూకంరాళ్లు సర్దినట్టు సర్దింది. చిన్నోడు పరుగున వచ్చి ఎక్కి కూర్చుని, ఆమె చేతి బొటనవేళ్లు పట్టుకున్నాడు. "ష్... ష్..." వాడి మొహం కందింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతలో ఒక్కసారిగా అయిపోయింది. బూడిద దాటి ఆమె పాదాలు రెండూ వెచ్చగా తడిశాయి. అవ్వ నేలమీద కూలబడి నవ్వుతూ ఏడుస్తోంది. నేను చప్పట్లు కొట్టాను.

బాపమ్మ ఇంకా వాడి తల మీదుగా కాకుల్ని చూస్తూ "ష్... ష్..." అంటూనే ఉంది.

"ఇంక పోతలేడా బిడ్డా?" అని నన్నడిగింది.

అవ్వ నవ్వు ఆగిపోయింది. నా చేతులు ఆగిపోయాయి. చిన్నోడే "అయింది" అని లేచాడు. బాపమ్మ తల వంచి తన పాదాలను చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "కడుగున్రి" అంది అంతే.

దీపావళి మాట మళ్లీ ఎత్తలేదు. రోజూ పొద్దున దించమనేది, చిన్నోడు ఎక్కేవాడు, ఆమె కళ్లు మాత్రం పాదాల మీదే ఉండేవి. వానలు మొదలవుతుండగా పోయింది.

బొగ్గుగనుల కాలనీలో ఉంటున్న చిన్నోడికి ఇప్పుడు తల నెరిసింది. మొన్న ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"నాకేం యాదికి లేదక్కా. ముసలామె మొఖం గూడ" అన్నాడు.

బాపమ్మకు ఫొటో లేదు. బాపు లేడు, అవ్వ లేదు. మా ఇళ్లలో నేలమీద కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లూ లేరు. ఆ పాదాలు ఎలా ఉండేవో ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఎడమ మడమ మీద ఒక లోతైన పగులు ఉండేదనుకుంటాను. కుడిదేమో మరి.