అడ్డాకుల కింద మేకపోతు

నా చిన్నప్పుడు, పండగ ఇంకా కొద్ది రోజులుందనగా, మా ఊరి మేకపోతు చచ్చిపోయింది. ఆ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. అరకు చుట్టుపక్కల కొండ ఊళ్లలో ఆరోగ్య సమావేశం ఎక్కడ జరిగినా ఎవరో ఒకరు దాన్ని చెబుతూనే ఉంటారు. రోగంతో చచ్చిన మేకను ఒక ముసలివాడు దాచుకుని తినబోయాడట, అతని మనవడే ధైర్యంగా ముందుకొచ్చి బయటపెట్టి ఊరిని కాపాడాడట. ఆ మనవణ్ణి నేను. ఆ ముసలివాడు మా తాతయ్య. అది అలా జరగలేదు.

పక్కింటి అక్క మా ఊరి ఆరోగ్య కార్యకర్త. పిల్లలందరినీ కూడగట్టి, ఊరు నీళ్లు తెచ్చుకునే ఊటగెడ్డ దగ్గర చెత్త తీయించేది, నిలవనీళ్లలో మట్టి పోయించేది, జ్వరం వచ్చిన ఇళ్లకు మాత్రలు ఇవ్వడానికి వెళ్తూ మమ్మల్ని వెంట తిప్పుకునేది. ఆమె మందుల సంచి మోయడానికి మేం పోట్లాడుకునేవాళ్లం. నన్ను తమ్ముడూ అని పిలిచేది. సొంత అక్క లేని నాకు ఆ పిలుపు చాలు, ఆమె ఏం చెప్పినా చేసేవాణ్ణి.

ఆ ఏడు పశువులకు దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, వచ్చింది. కొండ అవతలి ఊళ్లో చచ్చిన పశువును కోసి తిన్నవాళ్ల చేతుల మీద నల్లటి పుళ్లు లేచాయి. అక్క ఇల్లిల్లూ తిరిగి, చచ్చినదాన్ని కోయొద్దు, ఒట్టి చేతులతో ముట్టుకోనైనా ముట్టుకోవద్దు అని చెప్పింది. వినేదెవరు? మాకు మాంసం దొరకడమే అరుదు. కోసుకున్నా, తనంతట తాను చచ్చినా, ఇంటికో వాటా వేసుకోవడం మా పద్ధతి. వాటా వేయకుండా ఒక్కడే తినడం కన్నా సిగ్గుమాలిన పని మా దగ్గర లేదు. “కారం దట్టించి ఉడకబెడితే ఏ రోగమైనా సస్తాది పిల్లా, కూరయ్యేక నువ్వూ రా, నీకో వాటా ఉంచుతాం” అని ఒకాయన అంటే అరుగుల మీదున్నవాళ్లంతా నవ్వారు. అక్క సంచి సర్దుకుని వచ్చేసింది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూశాను.

ఆ మేకపోతు ఊరి దేవతకు మొక్కినది. మేపేది మా తాతయ్య అయినా దాని మీద హక్కు ఊరందరిదీ. ఒక సంత రోజు పొద్దున్నే లేచి చూస్తే దొడ్లో బిగుసుకుపోయి ఉంది. ముక్కులోంచి నల్లటి రక్తం కారుతోంది. తాతయ్య దాన్ని కాళ్లు పట్టుకుని దొడ్డి వెనక తుప్పల్లోకి ఈడ్చి, పైన విస్తళ్లు కుట్టుకునే అడ్డాకులు కప్పాడు.

“ఇది ఆ రోగమేరా. ఇప్పుడు తెలిస్తే మనోళ్లు కొయ్యకుండా ఊరుకుంటారేటి? అందర్నీ సంతకి ఎల్లనీ. లోతుగా పాతీసి, తిరిగొచ్చినాక నేనే సెప్తాను. తిట్టుకుంటే తిట్టుకోనీ. అందాకా ఎవరితోనూ అనకు.”

అననని చెప్పాను. కానీ ఆయన వేళ్లకు అంటిన రక్తం నా కళ్ల ముందు నుంచి పోలేదు. నల్లటి పుళ్లు గుర్తొచ్చాయి. తాతయ్యకు మందు కావాలని అక్క దగ్గరకు పరిగెత్తాను. మందు దేనికో చెబితేనే ఇస్తానంది. నువ్వు చెప్పావని ఎవరికీ తెలియనివ్వనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. నేను మొత్తం చెప్పాను. తాతయ్య పాతిపెడతానన్న మాట కూడా చెప్పాను. దీన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు అనుమానం లేదు, ఆ మాట కూడా చెప్పాను.

మందు తెస్తుందని దొడ్లో ఎదురుచూస్తున్నాను. అక్క ఊరిని తెచ్చింది. సంతకు బయల్దేరినవాళ్లంతా నెత్తిన బుట్టలతోనే వచ్చారు. ఆమె కర్రతో అడ్డాకులు పక్కకు తోసింది.

“సూడండి, రోగంతో సచ్చినదాన్ని ఎలా దాసీసినాడో! ఈ గుంటడు వచ్చి సెప్పబట్టి సరిపోయింది” అంటూ నన్ను ముందుకు లాగింది.

“ఊరి పోతుని ఒక్కడివే మింగీద్దామనుకున్నావేటి, ముసలోడా?” అన్నారెవరో. “నడుముకి కత్తి కూడా ఉంది సూడు” అన్నారింకొకరు. ఆ కత్తి తాతయ్య నడుముకు ఎప్పుడూ ఉండేదే.

తాతయ్య ఎవరికీ జవాబు చెప్పలేదు. నా వైపు ఒక్కసారి చూశాడు. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. అక్క నా భుజం నొక్కి, భయపడకు, మంచి పని చేశావు అంటోంది. ఆ చేతిని విదిలించుకోవాలనిపించింది, విదిలించుకోలేదు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ సక్రమంగా జరిగాయి. లోతుగా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పాతారు. డాక్టరు వచ్చి తాతయ్యకు మందులిచ్చాడు. ఆయన చేతులకు ఏమీ కాలేదు. తాతయ్యకు జరిగిన అవమానం కళ్లారా చూసినవాళ్లెవరూ మా ఊళ్లో మళ్లీ చచ్చిన పశువు జోలికి పోలేదు. కానీ పండగలో వాటాలు వేసేటప్పుడు మా ఆకు దగ్గర ఎవరో ఒకరు ఆగి, “మీకెందుకులే, మీ ఇంట్లో దాసింది ఉంటాది కదా” అనేవారు. మా ఇంటికి దాపుడోళ్లు అన్న పేరు పడింది. తాతయ్య పోయాక కూడా ఆ పేరు పోలేదు.

పెద్దయ్యాక నేనూ ఆరోగ్య కమిటీలో చేరాను. ఆ కుర్రాణ్ణి నేనేనని సమావేశాల్లో చెప్పుకున్నాను. జనం చప్పట్లు కొట్టేవారు, మాట వినేవారు. పాతిపెడతానన్న మాటను మాత్రం ప్రతిసారీ మింగేశాను. అక్క నాకు చేసింది ఒక్క పూట. నేను తాతయ్యకు చేస్తూ వచ్చింది ఏళ్ల తరబడి.

ఆయన బతికుండగా ఒకే ఒక్కసారి అడిగాను, ఆ రోజు నిజం ఎందుకు చెప్పలేదని. “నేను సెప్తే నిజమేనా అని అందరూ నిన్నే అడుగుదురు. నువ్వు అప్పటికే ఏడుత్తన్నావు కదరా” అన్నాడు.

అక్క ఇప్పుడు ముసలిదైంది. మొన్న వెళ్లి అడిగాను, తాతయ్య పాతిపెడతాడని తెలిసి కూడా అలా ఎందుకన్నావని. టీ గ్లాసు నా ముందు పెట్టింది. “ఊరికే సెప్తే ఎవరిన్నారురా తమ్ముడూ? ఆ తర్వాత ఒక్కడైనా సచ్చినాడా?” అంది. చావలేదు. ఆ జవాబు తప్పని నేననలేను. అయినా ఆమె ఇచ్చిన టీ తాగలేక లేచి వచ్చేశాను.

మా తాతయ్య ఆ మేకను పాతిపెట్టడానికే దాచాడు. ఇక ముందు ఈ కథ చెప్పేవాళ్లు ఇలాగే చెప్పాలి. ఆ రోజు నుంచి నాలో మిగిలింది ఒక్క అలవాటు. ఎంత మంచి పనికైనా సరే, పెద్దవాళ్లెవరైనా ఒక పిల్లవాణ్ణి పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడుతుంటే, నేనూ వెళ్లి ఆ పిల్లవాడి పక్కన నిలబడతాను.